ముందు పరిగెత్తేవాడు

ఫుట్‌బాల్ జట్టులో అందరూ అతన్ని గడియారం అంటారు. ఫిట్‌నెస్ పరీక్షలో గీతకూ గీతకూ మధ్య పరిగెత్తేటప్పుడు, బీప్ మోగేసరికి అతని కాలు గీత మీదే ఉంటుంది. రొప్పడు. చెవి వెనక నుంచి చెమట మాత్రం సన్నగా దిగుతుంది. అందుకే కోచ్ పరీక్షల్లో అతన్ని అందరికీ ముందు పరిగెత్తిస్తాడు, మ్యాచ్‌లో మాత్రం బెంచీ మీద కూర్చోబెడతాడు. కోచ్ మాటకు తిరుగులేదు. ఈసారి మోకాలి దెబ్బ నుంచి కోలుకున్న కెప్టెన్ పరీక్షకు నిలబడ్డాడు. అతను పరీక్ష తప్పితే ఆ చోటు గడియారానిదే. "నువ్వే లాక్కురావాలి వీణ్ణి" అన్నాడు కోచ్. చివర్లో కెప్టెన్ వెనకబడ్డాడు. గడియారం మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. నోరు ఊరుకోలేదు. "నా వీపు చూసి రా అన్నా, ఇంకొక్కటి." కెప్టెన్ గట్టెక్కాడు.

ఆదివారం మ్యాచ్‌లో గడియారం బూట్ల లేసులు రెండేసి ముళ్లు వేసుకుని, జాకెట్ కింద మడత నలగని జెర్సీతో కూర్చున్నాడు. కెప్టెన్ ఎప్పుడు కాలీడుస్తాడా అని కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు. ఆట సగం దాటాక కెప్టెన్ పడిపోయాడు. కోచ్ బెంచీ వైపు తిరిగాడు. గడియారం జాకెట్ జిప్పు సగం దించి లేచాడు. ఇన్నేళ్ల అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"లే అన్నా, ఇంకొక్కటి."

కెప్టెన్ లేచాడు.