టీచరమ్మ తాగొద్దన్న నీళ్లు

మా టీచరమ్మ పోయింది. శేరిలింగంపల్లిలో కూతురి ఇంట్లో, నిద్రలోనే పోయిందని మొన్న ఫోన్ వచ్చింది. క్యాబ్ డ్యూటీ దిగి నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు ఏ కబురుకైనా ముందు నీరసమే వస్తోంది.

ఆ చుట్టుపక్కల మీరిప్పుడు చూస్తున్న అద్దాల మేడలు తొంభైల చివర్లో లేస్తున్నప్పుడు, పాలమూరు నుంచి వచ్చిన మాలాంటి కూలీల గుడిసెల మధ్య, రేకుల షెడ్డులో ఆమె బడి నడిపింది. ఒక బిల్డింగు అయితే పక్కనే ఇంకొకటి మొదలయ్యేది. మా గుడిసెలు, మా బోరు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే. పొద్దున్నే పేర్లు పిలవకుండా "చేతులు సూపెట్టుండ్రి" అనేది. మట్టి ఉంటే కొంగుతో తుడిచేది. మా అరచేతుల్లో జొన్నగింజలంత గట్టి కాయలు లేస్తున్నాయని అట్లా ఆమెకే ముందు తెలిసింది. కొందరికి ఛాతీ మీద నల్లమచ్చలు కూడా.

నీళ్లు బాగా లేవనుకుంది. కాగబెట్టి తాగించమని గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పింది. మా అమ్మలకు ఆమె మాటంటే గురి. సెంట్రింగ్ చెక్కముక్కలు ఏరుకొచ్చి, నీళ్లు సగమయ్యేదాకా మరిగించారు. కాయలు తగ్గకపోగా పెరిగాయి.

మాలో కొందరిని దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు బోరు నీళ్లను పరీక్షకు పంపించాడు. అందులో ఆర్సెనిక్ అనే విషం ఉందట. మరిగిస్తే నీళ్లు ఆవిరైపోతాయి గానీ విషం పోదట, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుందట.

ఆ సాయంత్రం అమ్మలందరినీ షెడ్డు ముందు కూర్చోబెట్టింది.

"నువ్వే గదమ్మా కాగబెట్టమన్నవ్?" అంది మా అమ్మ.

"నేనే అన్న. తప్పు చెప్పిన. ఇగ ఆ నీళ్లు కాగబెట్టకుండ్రి, తాగకుండ్రి."

"మరేం తాగాలె?"

తప్పు చెప్పానని అంతమంది ముందు ఒప్పుకున్న పెద్దమనిషిని ఆ తర్వాత నేను చూడలేదు.

మర్నాడు స్లాబు తడపడానికి మంచినీళ్ల ట్యాంకరు వస్తే, మమ్మల్ని వెంటేసుకుని దాని ముందు బైఠాయించింది.

"స్లాబు పగుల్తదమ్మా, జరుగు!" అని కసిరాడు మేస్త్రీ.

"జరసేపు ఎండితే ఏం గాదు. పోరలు తాగినంక తడుపుకో."

బిందెలు నిండాయి. ఇక రోజూ అదే గొడవ, ఆమె గొంతు బొంగురుపోయేది. "నీళ్లు తేటగుంటే సాలదు, ఏడికెల్లి వచ్చినయో ఎరుకుండాలె" అనేది మాతో. మెల్లగా కాయలు మెత్తబడ్డాయి, అందరివీ కాదు.

అక్కడ పని ముగియగానే మమ్మల్ని మణికొండ అవతల ఇంకో సైటుకు లారీ ఎక్కించారు. అక్కడా బోరేనని ఎవరో అన్నారు. టీచరమ్మ లారీ వెనక పరుగెత్తుకొచ్చింది. ఏదో అరుస్తోంది, ఇంజను చప్పుడులో వినబడలేదు. ఇక అరవలేక ఆగిపోయి, బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, వద్దు వద్దన్నట్టు రెండో చెయ్యి ఊపింది. దుమ్ములో నిలబడి ఊపుతూనే ఉంది. పోయి రమ్మంటోందనుకుని, లారీ మీద నుంచి మేమంతా చేతులూపాం.