కాక ఎడమ చెవి

మా బాపు పోయిన పదో నాడు గోదావరి ఒడ్డున మా తమ్ముడు పదమూడు గుండ్లు చేశాడు. మొదటిది నాదే. పాలోళ్ళైన మా ఇంటిపేరు మగవాళ్ళందరినీ వరుసగా కూర్చోబెట్టి, ప్రతి తలకూ కొత్త బ్లేడు వేసి, ఒక్క గాటు పడకుండా గొరిగాడు. వేరే వాళ్ళను పిలుద్దామంటే ఒప్పుకోలేదు. చివరికి తన గుండు మాత్రం చిన్నాన్న కొడుకుతో చేయించుకున్నాడు.

ఇంటికి వచ్చి తడి బట్టలు మార్చుకుంటుంటే తమ్ముడి ఫోన్‌కు సందేశం వచ్చింది. నెలల తరబడి ఎదురుచూస్తున్న ట్రేడ్ టెస్టు ఆ రోజుకు మూడో రోజున, కరీంనగర్‌లో. ఖతార్‌లో ఒక సెలూన్ వాళ్ళు వాణ్ణి తీసుకుంటామన్నారు. పరీక్ష పెట్టి, పని వచ్చునని కాగితం ఇస్తేనే వీసా. ఈసారి తప్పితే వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. తమ్ముడు ఏ కోర్సూ చదవలేదు. మందమర్రిలో బాపు కటింగ్ షాపులో, ఆయన కుర్చీ పక్కన నిలబడి నేర్చుకున్నదే వాడి చదువు. ఆసుపత్రి మంచం మీద కూడా బాపు "టెస్టు ఎప్పుడురా" అనే అడిగేవాడు.

సందేశం చివర ఒక నియమం ఉంది. మోడల్‌ను అభ్యర్థే తెచ్చుకోవాలి. ఆ మనిషికి మూడు వేళ్ళ పొడవు జుట్టు, గడ్డం ఉండాలి.

తమ్ముడు తలెత్తి వాకిట్లోకి చూశాడు. మగవాళ్ళందరూ అక్కడే కూర్చున్నారు. గుండ్లు ఎండలో మెరుస్తున్నాయి.

"నా చేతులతోని నేనే అందర్ని ఖతం చేసిన గదన్నా," అన్నాడు.

ముందు నవ్వింది మమ్మల్ని కన్న అవ్వ. పది రోజులలో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

సాయంత్రం దాకా ఫోన్లు చేశాం. దోస్తుల్లో గడ్డమున్నవాడికి జుట్టు లేదు, జుట్టున్నవాడికి ఆ రోజు గనిలో డ్యూటీ. చివరికి అవ్వే అంది: "గోడవతల మనిషి కనవడుతలేడా మీకు?"

గోడవతల మనిషి అంటే మేం కాకా అని పిలిచే పక్కింటాయన. గనిలో పనిచేసి రిటైరయ్యాడు. బాపుకు దోస్తు. వాళ్ళది మిషను చర్చి కుటుంబం, గుండ్ల ఆచారం లేదు. బాపు మంచాన పడ్డ నాటి నుంచి నాలుగు నెలలుగా ఆయన కటింగ్ చేయించుకోలేదు. "మీ బాపు లేసినంకనే," అనేవాడు. తమ్ముడు కత్తెర పట్టుకుని వెళితే, "నీది మిషిన్ చెయ్యిరా, కత్తెర చెయ్యి కాదు, పో" అని తరిమేవాడు. ఇప్పుడు జుట్టు మెడ దాకా వచ్చింది, గడ్డం గుబురుగా పెరిగింది.

నేనే వెళ్ళి అడిగాను. "కాకా, జర నీ తల కావాలె."

సంగతంతా విని, ఆయన లేచి నా గుండు మీద అరచెయ్యి వేసి ముందుకూ వెనక్కూ నిమిరాడు.

"ఎవడు గొరిగిండు?"

"తమ్ముడే."

"గాటు లేదు. సరే తియ్యి, వస్త."

పరీక్ష రోజు పొద్దున్నే ముగ్గురం కరీంనగర్ బస్సెక్కాం. సుల్తానాబాద్ దగ్గర కండక్టర్ మమ్మల్ని తేరిపార చూశాడు. "ఏందన్నా, పెద్దాయననొక్కన్నే రాజన్న గుడి కాడికి గుండుకు తీస్కపోతున్నరా? మీరిద్దరు ఇంటికాన్నే చేసుకున్నరా?"

"నేను చర్చికి పోయేటోన్ని బిడ్డా," అన్నాడు కాక. "నా తల పరీక్ష రాయవోతుంది."

పరీక్ష పెట్టడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. ముందు ప్రశ్నలు అడిగింది. వాడిన బ్లేడు ఎక్కడ వేస్తావు, తలలో పుండు కనబడితే ఏం చేస్తావు. తమ్ముడు తడబడకుండా చెప్పాడు. తర్వాత గంట సమయం ఇచ్చింది. నేను గోడ పక్కన కూర్చుని చూశాను. వాడు మిషిన్ ముట్టలేదు. దువ్వెన, కత్తెర. బాపులాగే కోసే ముందు గాలిలో రెండుసార్లు కత్తెర ఆడించాడు. కాక కళ్ళు మూసుకున్నాడు.

గంట అయింది. మేడమ్ వచ్చి, దువ్వెనను కాక చెవి కింద ఆనించి చెంప దగ్గరి జుట్టు కొలిచింది. రెండో వైపు కూడా కొలిచింది.

"సమంగా లేవు. అర వేలంత తేడా ఉంది," అంది. కలం కాగితం మీదికి వెళ్ళింది.

నేను లేచి, మళ్ళీ కూర్చున్నాను. తమ్ముడి గుండు మీద చెమట పట్టింది.

"జర ఆగుండ్రి మేడమ్," అన్నాడు. "అద్దంల చూడుండ్రి. ఎడమ చెవి కిందికుంటది. చెవిని బట్టి కోస్తే మొకం వంకరగ కనవడ్తది. కంటి కొసను చూసి కొయ్యాలె."

"ఎవని చెవి?" కాక కళ్ళు తెరిచాడు.

"నీదే కాకా."

"నా చెవా?"

మేడమ్ కుర్చీ వెనక నిలబడి, రెండు చూపుడు వేళ్ళూ ఆయన చెంపల మీద జుట్టు కొసల దగ్గర పెట్టి అద్దంలోకి చూసింది. వేళ్ళు ఒకే గీతలో ఉన్నాయి. చెవులే ఒకే గీతలో లేవు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?"

"మందమర్రిల మేడమ్. మా బాపు కాడ."

ఆమె కాగితం మీద సంతకం పెట్టి, "పాస్" అంది.

కాకకు అదేమీ వినబడలేదు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికి వెళ్ళి చెవులు పట్టుకుని చూసుకుంటున్నాడు. "నలభై ఏండ్లు కోసిండు. ఒక్కనాడన్న చెప్పలేదేందిరా మీ బాపు?"

"చెప్పొద్దన్నడు. చెప్తే పరేషాన్ అయితవని."

తిరుగు బస్సులో కాక ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు కాబట్టి మేమూ విన్నాం.

"ఏమే, నా ఎడమ చెవి కిందికున్నదట!"

"గిప్పుడు తెలిసిందా నీకు?" అంది ఆయన భార్య, మా కాకి. "పోరగాడు పాసైండా లేదా, అది చెప్పు ముందుగాల!"

తమ్ముడు సీటు కడ్డీ మీద తల ఆనించి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నాదీ అదే పరిస్థితి.

రెండు నెలల తర్వాత వాడు ఖతార్ వెళ్ళాడు. బాపు కుర్చీ దగ్గర ఇప్పుడు చిన్నాన్న కొడుకు నిలబడుతున్నాడు. వెళ్ళేముందు తమ్ముడు వాడికి కాక చెవి సంగతి చెప్పి వెళ్ళాడు. ఆ అవసరం లేకపోయింది. మొన్న ఆదివారం కాక కుర్చీలో కూర్చుంటూనే షాపులో అందరికీ వినబడేలా, "నా ఎడమ చెవి కిందికుంటది. చెవిని నమ్మకు, కంటి కొసను చూసి కొయ్యి," అని ఆర్డరేశాడు.

నేను బల్ల మీద కూర్చుని ఉన్నాను. తర్వాతి వంతు నాది. అప్పటికి నాకూ కోయడానికి జుట్టు వచ్చింది.