కుంట చిత్రం కోసం నాచారం దాకా

పొద్దున తొమ్మిదీ పదికి నారపల్లిలో బస్సెక్కాను. మా కాలనీ వెనక కుంటను ప్లాట్ల వెంచర్ వాళ్లు మట్టి పోసి పూడుస్తున్నారు. అక్కడ కుంటే లేదని వాళ్ల వాదన. రేపు పదకొండింటికి అధికారులు చూడటానికి వస్తున్నారు. కుంట ఉన్నట్టు చూపే పాత ఉపగ్రహ చిత్రం అప్పటికి నా చేతిలో ఉండాలి. ఇంట్లో ఎన్నిసార్లు వెతికినా ఆ పాత సంవత్సరాలకు రికార్డు లేదనే అంటోంది మా ఆఫీసు వెబ్‌సైటు. నాచారంలోని ఆ ఆఫీసులో ఆ చిత్రాల టేపులను ముప్పయ్యేళ్లు చూసుకుని రిటైరైనదాన్ని. లేదంటే ఒళ్లు మండింది.

ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. పక్క సీటులో యాదమ్మ. కుంటకు అవతలి వైపు ఉంటుంది, నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. సంగతి చెప్పాను.

"పైకెళ్లి మన కుంట గూడ కనవడ్తదా అవ్వా?"

"కనబడుతుంది. తేదీతో సహా."

"మొన్న మా ఇంట్లకు నీళ్లొస్తే మాత్రం ఎవ్వలకు కనవడలే."

తొమ్మిదీ యాభైకి ఉప్పల్‌లో దిగాం. నాచారానికి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. వెళ్లదలచినవారు గుర్తింపు కార్డు మరవకండి. అది చూడనిదే ఆఫీసు గేటు దాటనివ్వరు. నేను దాటేసరికి పదీ నలభై.

లోపల ఇంజనీరు శ్రీకాంత్.

"మేడం, మా దగ్గర ఉండేది జాబితానే. చిత్రాలు నాలుగు ఊర్లల్ల సర్వర్లల్ల ఉంటయి. అడిగితే ఆడికెళ్లి వస్తయి. జాబితాలనే లేకపోతే యాడికెళ్లి తేవాలె?"

"తేదీ తీసేసి స్థలం మీద వెతుకు."

వెతికాడు. అరవై ఒక్క చిత్రాలు వచ్చాయి, అన్నింటికీ ఒకే నెల తేదీ. అది టేపు నుంచి డిస్కుకు కాపీ చేసిన నెల. ఉపగ్రహం చిత్రం తీసిన తేదీ ఫైలు మొదట్లోనే ఉంది, జాబితాలోకి ఎక్కలేదు. ఒకటి తెరిచాడు. మా కుంట, నల్లగా, వేరుశెనగ కాయ ఆకారంలో.

"ఇట్లా ఎంతమందిని లేదని పంపించారు?"

"పోర్టల్ ఏం జెప్తే అదే జెప్పినం గద మేడం."

"అది చెప్పింది చెప్పడానికి నువ్వెందుకు ఇక్కడ? ఈ జాబితా సరిచూసిందెవరో చూపించు."

నా గొంతుకు పక్క బల్లల వాళ్లు తలలు తిప్పారు. శ్రీకాంత్ స్కాన్ చేసిన పాత కాగితం ఒకటి తెరిచి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. కింద సంతకం నాది. రిటైరయ్యే వారం చేసింది. టేపుల నంబర్లు సరిపోయాయి, మొత్తం సరిపోయింది, టిక్కు పెట్టాను. తేదీల గడి చూడలేదు.

"ఛాయ్ తాగుతరా అమ్మా?" అన్నాడు.

వద్దన్నాను. "ఇవన్నీ దిద్దడం ఎట్లా?"

"ఒక్కొక్క ఫైలు తెరిచి రాయాలె. వేలల్ల ఉంటయి. ఎవరు రాస్తరు?"

సోమవారానికి ఈ బల్ల పక్కన నాకొక కుర్చీ వేయించమన్నాను. అడగలేదు, చెప్పాను.

చిత్రం మీద, తేదీ ఉన్న పేజీ మీద ముద్ర వేయించుకుని ఒకటీ ఇరవైకి బయటపడ్డాను. తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. నారపల్లి మలుపులో మట్టి లారీ ఒకటి మా కుంట వైపు తిరిగింది. ఫైలు ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను. పొద్దుటి కోపం తగ్గలేదు. ఎవరి మీదో మాత్రం ఇప్పుడు తెలుసు.