జ్యోతి రాసిన తలుపు

మన్సూరాబాద్‌లో మా పై వాటాలో కిరాయికుండే మత్తయి మేస్త్రి కూతురు జ్యోతి. చౌటుప్పల్ అవతలి పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఆదివారం చర్చికి బయలుదేరుతూ కూడా మా గడప ముందు ఆగి, "చిన్నమ్మా, పాలప్యాకెట్ బయటనే ఉన్నది, కుక్క ముట్టకముందే తీస్కో" అని చెప్పిపోయే పిల్ల. ఆ పిల్ల చేసే పనేమిటో మాత్రం నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

డిగ్రీ అయ్యాక చైతన్యపురిలో కంప్యూటర్ కోర్సు చేసింది. తోటివాళ్ళు ఉద్యోగాల కోసం కోడ్ నేర్చుకుంటుంటే, ఈమె ఆ కోడ్‌తో పువ్వులు పూయించేది. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది.

"గీత గీయమంట. జర తిప్పమంట. మళ్ళ గీయమంట. గంతే చిన్నమ్మా. రేకు ఎంత వెడల్పుండాల్నో దాని ఇష్టం. పక్క రేకును మాత్రం తాకొద్దని కట్టడి పెట్టిన."

మీట నొక్కగానే తెర మీద ఒక పువ్వు విచ్చుకుంది. మళ్ళీ నొక్కితే మరొకటి.

"ఇందాకటిదే మళ్ళీ రాదా?"

"రాదు. ప్రతిసారి కొత్తదే."

మా ఊళ్ళో బడి పక్కనున్న మందారచెట్టు గుర్తొచ్చింది నాకు. అదీ అంతే కదా అనుకున్నాను.

ఎల్బీనగర్‌లో జగన్ అనే ఆయనకు మిషన్ మీద చెక్క కోసే షాపుంది. దేవుడి గది తలుపులకు పూల జాలీలు కోసిస్తాడు. జ్యోతి అక్కడే పనిచేస్తుంది. ఎక్కడినుంచో తెచ్చిన డిజైన్లను మిషన్‌కు ఎక్కించడమే ఆమె పని. తను రాసిన పువ్వు ఒక్కసారైనా చెక్క మీదికి రావాలని ఆశ. అడిగినప్పుడల్లా జగన్ నవ్వేవాడు.

"గిరాకీలు ఆల్బమ్ చూసి అడుగుతరు. నీ పూలను ఎవరడుగుతరు?"

చివరికి అడిగే మనిషి రానే వచ్చింది. కోటేశ్వరమ్మ గారిది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో కొత్త ఇల్లు కట్టుకుని, దేవుడి గది తలుపుల కోసం వచ్చారు. జగన్ ఇచ్చిన ఆల్బమ్ తిరగేసి, "ఇవన్నీ మా వీధిలో ఉన్నవేనయ్యా! పక్కింటి తలుపు నాకెందుకూ?" అని మూసేశారు. జ్యోతి భయపడుతూనే తన పువ్వులు చూపించింది. ఆవిడకు తెగ నచ్చాయి. ఒక్కో తలుపు రెక్క నడిమధ్య ఒక స్వస్తిక్, రెండు రెక్కలూ మూస్తే మధ్యలో తామర పూర్తవ్వాలి, అంతే చాలన్నారు.

జగన్ ఒప్పుకున్నాడు కానీ షరతు పెట్టాడు. "గిది మంచిగొస్తే డిజైన్లన్నీ ఇంక నీయే. ఖరాబైతే మళ్ళ నా దగ్గర గా పూల మాట ఎత్తకు."

జ్యోతి ఎడమ రెక్క రాసింది. కింద పెద్ద పూలు, పైకి పోనుపోను చిన్నవి, చివరికి మల్లెమొగ్గలంత. మధ్యలో స్వస్తిక్, రెండో రెక్కను తాకే అంచుకు సరిగ్గా నడుమ, గుండ్రంగా విచ్చిన తామరలో సగం. కుడి రెక్కకు మళ్ళీ కష్టపడనక్కర్లేదు. అద్దంలో చూపినట్టు తిప్పమని ఒక్క లైను రాస్తే సరిపోయింది. మిషన్ కోసింది. జగన్ ముచ్చటపడి తనే పాలిష్ పట్టాడు.

గృహప్రవేశం రెండు రోజులుందనగా తలుపులు బిగించారు. కోటేశ్వరమ్మ గారు కుంకుమభరిణతో వచ్చి ఎడమ రెక్క మీది స్వస్తిక్‌కు బొట్టు పెట్టారు. కుడి రెక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటి జగన్? స్వస్తిక్ ఎడమకి తిరిగిందేంటి? ఇలా ఉండకూడదయ్యా."

జ్యోతికి అప్పుడర్థమైంది. అద్దంలో తిప్పితే పువ్వుకేమీ కాదు. స్వస్తిక్‌కు మాత్రం దిక్కు మారిపోతుంది.

"నాకు తెల్వలేదమ్మా. రెండూ ఒక్క తీరుగనే కనబడ్డయి."

"దానిదేం తప్పులేదమ్మా," అన్నాడు జగన్. "పొద్దున లేస్తే మొక్కెటోన్ని, నేను చూస్కోవాలె గద. పాలిష్ కొట్టేటప్పుడు కూడ సోయి లేకపాయె." తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ముహూర్తానికి కొత్తది కోసుడు కాదు. షాపుల తయారున్న జత ఒకటుంది. పక్కింటి డిజైనే. అదే తెచ్చి పెడ్త."

జ్యోతి తల వంచుకుని నిలబడింది. కోటేశ్వరమ్మ గారు ఆ పిల్ల ముఖం చూశారు.

"పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నావా? దేవుడి గదిలో బుట్టలో అరటిపళ్ళున్నాయి, తెచ్చుకో."

గడప దగ్గరే ఆగిపోయింది జ్యోతి. "నేను లోపలికి రావచ్చునా అమ్మా? మేము చర్చికి పోతం."

"తలుపు చేసిన పిల్లవి, గదిలోకి రాకపోవడమేంటే? ఇంకా దేవుడే రాలేదు, నీకేం అడ్డం? వెళ్ళు తల్లీ."

లోపలికెళ్ళి, పండు చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగింది. హాల్లోని వెలుతురు జాలీలోంచి పడుతోంది. ఇటునుంచి చూస్తే కుడి రెక్క మీది స్వస్తిక్ సరిగ్గా ఉంది.

"అన్నా! ఇటుకెళ్ళి మంచిగున్నది!"

"ఇటుకెళ్ళి మంచిగుంటే ఏం లాభం? అమ్మ అటు నిలబడి గద మొక్కేది!"

"గందుకే జాలీని తిప్పి పెట్టు. ఎనక దిక్కు ముందలికి రావాలె."

ఫ్రేమ్‌లో జాలీని పట్టి ఉంచేది సన్నటి చెక్క పట్టీలే. ఊడదీయడం కష్టం కాదు. జగన్ ఆలోచించి తలడ్డంగా ఊపాడు. "పేజీ తిప్పినట్టు తిప్పితే సగం తామర గోడ దిక్కు పోతది."

జ్యోతి అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "గట్ల కాదు. పై అంచు కిందికి రావాలె. తామర నడుమనే ఉన్నది కాబట్టి కదలదు."

"పూలు తలకిందులైతయి గదనే!"

"ముందు పెట్టు నాయనా, చూద్దాం," అన్నారు కోటేశ్వరమ్మ గారు.

పట్టీలు తీసి, తిప్పి పెట్టి, రెండు రెక్కలూ మూశారు. తామర కలిసింది. స్వస్తిక్‌లు రెండూ ఒకే వైపు తిరిగాయి. ఎడమ రెక్కలో పూలు సన్నబడుతూ పైకి పోతున్నాయి. కుడి రెక్కలో సన్నబడుతూ కిందికి దిగుతున్నాయి. జ్యోతి తలుపు వైపు చూడలేదు. ఆవిడ ముఖమే చూస్తోంది.

కోటేశ్వరమ్మ గారు చాలాసేపు చూసి, భరిణ తెరిచి కుడి రెక్కకూ బొట్టు పెట్టారు.

"మనం అడిగేవి పైకి పోతున్నాయి, ఆయనిచ్చేవి కిందికి దిగుతున్నాయి. ఇలాగే ఉండనీయండి."

"మొదలే గిట్ల ఎందుకు రాయకపోతివి?" అన్నాడు జగన్, ముందుకొచ్చిన వెనక వైపుకు పాలిష్ పట్టడానికి కూర్చుంటూ.

"రాస్తే నువ్వు కోద్దువా?" అంది జ్యోతి. అప్పుడు గానీ ఆ అరటిపండు ఒలుచుకోలేదు.

గృహప్రవేశానికి నన్నూ వెంట తీసుకెళ్ళింది. హారతి ఇస్తుంటే జాలీ సందుల్లోంచి వెలుగు హాలంతా పువ్వులై పడింది. నేను కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టాను. తెరిచేసరికి ఒకావిడ జగన్‌ను పట్టుకుని అడుగుతోంది.

"మాక్కూడా అచ్చం ఇలాంటి తలుపే కావాలయ్యా."

"అచ్చం గిదే రాదమ్మా," అన్నాడు జగన్, గొప్పగా. "మా జ్యోతి మీకు కొత్తది రాస్తది."

జ్యోతి అప్పటికే ఆవిడ పక్కకు చేరింది. "మీ తలుపు మీద ఏమేం గుర్తులు కావాలమ్మా? ఏది ఏ దిక్కు తిరగాల్నో ముందుగల్ల చెప్పుండ్రి," అని అడుగుతోంది.