నా ఇంటికొచ్చిన చిన్నది

ఒక మనిషి ముప్ఫై సెకన్లలో తన కాపురానికి నిప్పు ఎలా పెట్టుకోవచ్చో మీకు ఇప్పుడు చెప్పబోతున్నాను. ఆ మనిషిని నేనే. నిప్పు పెట్టడానికి నాకు కావలసి వచ్చినవి రెండే వస్తువులు: ఒక చిన్న పిస్టలు, ఒక ఆన్సరింగ్ మెషీన్. ఈ రెంటిలో ప్రమాదకరమైనది పిస్టలే అనుకుంటున్నారా, అయితే మీరూ అప్పటి నాలాగే అమాయకులు.

ఎనభైల మొదట్లో మాట. నేను టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ప్లేనోలో ఇంజనీరుని, మా ఆవిడ శారద షికాగోలో ఒక ఆస్పత్రిలో పిల్లల డాక్టరుగా రెసిడెన్సీ చేస్తోంది. రెసిడెన్సీ అంటే ఆ రోజుల్లో ఆస్పత్రిలో కాపురముండి, ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళిరావడం. పెళ్ళయ్యాక మేం ఒకే కప్పు కింద గడిపిన రోజులకంటే ఫోన్లో "ఊఁ, ఇంకేంటి" అనుకున్న రోజులే ఎక్కువ. వేసవిలో ఒకసారి నేనే ఫ్లైటెక్కి వెళ్ళాను. వెళ్ళిన దగ్గర్నుంచీ తను డ్యూటీలోనే ఉంది. నేను తిరిగి వచ్చేసే రోజు పొద్దున ఇంటికొచ్చి, నా భుజం మీద తల పెట్టి, "మీతో బోలెడు మాట్లాడాలండీ" అంటూనే నిద్రపోయింది. మళ్ళీ నా ఫ్లైట్ టైమయ్యేదాకా లేవలేదు. నేనూ కదల్లేదు. భుజం తిమ్మిరెక్కింది. ఆ తిమ్మిరి ప్లేనో వచ్చాక కూడా ఉంటే బాగుండుననిపించింది. నవ్వకండి, నిజంగానే అనిపించింది.

ఇక తను రావాల్సిన వంతు. సెప్టెంబర్‌లో లాంగ్ వీకెండ్‌కి వస్తానంది, ఇంకో రెసిడెంటుకి జ్వరమొచ్చింది. దసరాకి వస్తానంది, వాళ్ళ చీఫ్ సెలవివ్వలేదు. వస్తానన్న ప్రతిసారీ నేను అపార్ట్‌మెంట్ అంతా వాక్యూమ్ చేసి, కొత్త దుప్పటి పరిచి, చివరికి ఆ దుప్పటి మీద ఒక్కణ్ణే పడుకునేవాణ్ణి. మా ఇంట్లో అన్ని దుప్పట్లు ఎందుకున్నాయో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసులో నా పక్క సీటు హాంక్‌ది. మూర్తి అన్న పేరు నోరు తిరక్క నన్ను మార్టీ అనేవాడు. టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద.

"మార్టీ, శనివారం ఏం చేస్తావ్?"

"బట్టలుతుక్కుంటాను."

"ఆదివారం?"

"మడతపెట్టుకుంటాను."

హాంక్ నా వంక చాలాసేపు చూశాడు. పెళ్ళాం దగ్గర లేని మగాడి మొహం ఏ భాషలోనైనా ఒకేలా ఉంటుందనుకుంటాను. ఆ శనివారం తన ట్రక్కులో ఊరి బయట వాళ్ళ మామగారి పొలానికి తీసుకెళ్ళాడు. అక్కడ నాకు ప్లింకింగ్ నేర్పించాడు. ప్లింకింగ్ అంటే వేటా కాదు, పోటీ కాదు. కూల్‌డ్రింకు తాగేసిన డబ్బాలు వరసగా పేర్చి, దూరంగా నిలబడి కాల్చడం. తగిలితే ప్లింక్ మంటుంది. అంతకు మించి దాంట్లో ప్రయోజనం ఏమీ లేదు. వీకెండ్‌లు గడవని నాకు అంతకంటే ప్రయోజనం ఏం కావాలి?

రెండో వారానికే సొంతంగా ఒకటి కొన్నాను. చిన్న పిస్టలు. ట్వెంటీ టూ అంటారు, దాంట్లో వాడే తూటా సైజుని బట్టి వచ్చిన పేరు. అన్నిటికంటే బుల్లి తూటా అదే. పెట్టె తెరవగానే నూనె వాసన గుప్పుమంది. నల్లగా, నునుపుగా, అరచేతిలో పెడితే మిగతా చెయ్యంతా ఖాళీగానే ఉన్నట్టుంది. పెద్ద పిస్టళ్ళలాగా చెయ్యి ఎగరెయ్యదు, మోత కూడా సీమటపాకాయ మోతంతే. ఇక లోపాలకొస్తే, తూటాలు నింపే మ్యాగజైన్ స్ప్రింగు ఎంత గట్టిదంటే నా బొటనవేలి గోరు వారం రోజులు నాతో మాట్లాడలేదు. గురి చూసే గాడి ఆవగింజంత. పైగా కాసేపు కాల్చేసరికి తూటా అడ్డంపడి మొరాయించేది. "కొత్తది కదా. రెండు మూడు వారాలు వాడు, అదే దారికొస్తుంది" అన్నాడు హాంక్.

మొదట్లో ఒక్కటీ తగల్లేదు. డబ్బాల వెనకున్న మట్టిగట్టుకి మాత్రం మా ఇద్దరి స్నేహం మీద అసహ్యం పుట్టి ఉంటుంది. చివరికి ఒక డబ్బా గాల్లోకి ఎగిరి పడింది. ప్లింక్. నేను గబుక్కున పిస్టలు కిందికి దించి, వెనక్కి తిరిగి, "చూశావా" అన్నాను తెలుగులో. వెనక హాంక్ శాండ్‌విచ్ నములుతున్నాడు. నేను తిరిగింది శారదకి చూపించడానికి. సంతోషమొచ్చినప్పుడు చూపించుకోవడానికి మన మనిషి లేకపోతే అదెంత బరువో ఆ క్షణం తెలిసింది.

అందుకే మర్నాడు షికాగోకి ఫోన్ చేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. విజయవాడ నుంచి మా అత్తగారు వచ్చి ఆర్నెల్లుగా శారద దగ్గర ఉంటున్నారు. హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరయ్యారు. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించినా చెవులు మూసుకునే మనిషి. ఇంట్లో తుపాకీ ఉందని తెలిస్తే, నన్ను బందిపోటు కింద జమకట్టడం ఖాయం. కాబట్టి శారదకి మాత్రమే, అదీ కాస్త మర్మంగా, చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఎవరూ ఎత్తలేదు, ఫోన్ ముప్ఫై సెకన్ల మాటలు మాత్రం పట్టే ఆన్సరింగ్ మెషీన్‌కి వెళ్ళింది. మరీ మంచిదనుకున్నాను, అత్తగారికి మెషీన్ నొక్కడం రాదుగా. మెసేజ్ రికార్డవుతున్నప్పుడు ఆ మెషీన్ దాన్ని గదంతా వినిపిస్తుందని నాకు తెలియదు.

"శారదా, నేనే. నీకో విషయం చెప్పాలి. మీ అమ్మగారికి మాత్రం చెప్పకు, కంగారుపడతారు. ఒక్కణ్ణే ఉండలేక ఒక చిన్నదాన్ని తెచ్చుకున్నాను. ఇరవై రెండు. నల్లగా ఉన్నా నాజూగ్గా ఉంటుంది. చేతిలో ఇట్టే ఇమిడిపోతుంది. కొత్త కదా, కాస్త మొరాయిస్తోంది, రెండు మూడు వారాల్లో దారికొస్తుందని హాంక్ అన్నాడు. నిన్న ఊరి బయట పొలానికి తీసుకెళ్ళాను, ఎంత హాయిగా ఉందో. నువ్వొచ్చాక ముగ్గురం కలిసి..."

బీప్.

మన భాషలో 'అది' అంటే బల్లా కావచ్చు, పిల్లా కావచ్చు. ఈ సౌకర్యం గురించి నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

సాయంత్రం అత్తగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గొంతు బొంగురుగా ఉంది.

"అల్లుడుగారూ, భోంచేశారా?"

"అయిందండీ. శారద ఉందా?"

"డ్యూటీకి వెళ్ళింది. ఇంకా ఏమీ తెలీదు పిచ్చిదానికి. మీరు చెప్పిందంతా నేను విన్నాను."

నేను నాలిక్కరుచుకున్నాను. పిస్టలు సంగతి తెలిసిపోయిందన్నమాట. "మీరు భయపడతారనే చెప్పొద్దన్నానండీ."

"ఇరవై రెండేనా?"

"అవునండీ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అదే మంచిదట. ముప్ఫై ఎనిమిదీ, నలభై అయిదూ కూడా ఉన్నాయి గానీ, వాటిని మనం తట్టుకోలేం."

అవతల ఆవిడ ముక్కు చీదుకున్నారు.

"ఎక్కడుంచారు?"

"పడగ్గదిలోనేనండీ. వాడనప్పుడు తాళం వేసేస్తాను."

"తాళం వేస్తారా?"

"వెయ్యకపోతే ప్రమాదం కదండీ. ఆదివారం ఆదివారం బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, నూనె రాస్తాను."

"మీ చేతుల్తోనా?"

"వేరేవాళ్ళని ముట్టుకోనివ్వనండీ."

"మా శారద తలకి ఒక్కనాడైనా నూనె రాశారా నాయనా?" అన్నారావిడ. ఆ ప్రశ్నకీ పిస్టలుకీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళ బాధలో తర్కం వెతకకూడదని ఊరుకున్నాను.

"ఈ పాడు అలవాటు మీకెవరు అంటించారు?"

"హాంకేనండీ. చాలా మంచివాడు. ఆయన దగ్గర ఆరున్నాయి."

"ఆరా? భార్య ఏమీ అనదా?"

"ఆవిడకీ విడిగా ఒకటుందండీ."

ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ప్రసాదరావుగారు నిలబడి ఉన్నారు. డాలస్‌లో మా అత్తగారికి తెలిసిన ఒకే ఒక్క పెద్దమనిషి. లోపలికొచ్చి, బూట్లు విప్పుతూ, ఆడవాళ్ళ చెప్పులేమైనా ఉన్నాయా అని అక్కడంతా చూశారు. తర్వాత చెయ్యి కడుక్కుంటానని బాత్రూంలోకి వెళ్ళి, నా ఒక్క టూత్‌బ్రష్షూ చూసుకుని బయటికొచ్చారు.

"చూడు మూర్తీ, ఇంకా మించిపోయింది లేదు. పంపించెయ్."

"దేన్నండీ?"

"ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయిని."

ముందు నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. ఆ తర్వాత నేను మెషీన్‌తో అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మొరాయిస్తోంది. దారికొస్తుంది. ముగ్గురం కలిసి. పడగ్గదిలోకి పరుగెత్తి పిస్టలు పెట్టె తెచ్చాను. ఆయనకి పెట్టె తెరిచి చూపించాను. "ఓరి నీ అసాధ్యం కూలా" అని సోఫాలో కూలబడ్డారు.

వెంటనే షికాగోకి ఫోన్ చేశాను. మళ్ళీ మెషీన్. గడగడా మొదలుపెట్టాను.

"శారదా, మీ అమ్మగారు పొరపాటుపడ్డారు. ఒట్టేసి చెప్తున్నాను, అది మనిషి కాదు. దానికి ప్రాణం లేదు. పడగ్గది అలమారాలో పెట్టి తాళం వేశాను. ప్రసాదరావుగారు ఇప్పుడే చూశారు, ఆయనకి కూడా కళ్ళు తిరిగాయి. నువ్వేం భయపడకు, హాంకూ నేనూ శనివారం పొలానికి తీసుకెళ్ళి..."

బీప్.

ఇంత చెప్పి పిస్టలన్న ముక్క ఒక్కటీ చెప్పలేదని బీప్ తర్వాత తట్టింది. ప్రసాదరావుగారు తల పట్టుకుని, "ఇందాకటిదాకా వ్యభిచారమే, ఇప్పుడు హత్య కూడా కలిసింది" అన్నారు. మళ్ళీ చేస్తే లైన్ ఎంగేజ్. ఆ సాయంత్రమంతా ఎంగేజే. ఆస్పత్రికి చేస్తే, డాక్టర్ శారద వార్డులో ఉన్నారన్నారు. పిస్టలు సంగతి మీరే ఆవిడతో చెప్పండని అక్కడి ఆపరేటర్‌ని అడగబోయి, ఇంకో ఉపద్రవం తెచ్చుకోకుండా నోరు మూసుకున్నాను.

మూడు రోజులు శారద నుంచి ఉలుకూ పలుకూ లేదు. అన్నం సయించలేదు. డబ్బాల మీదికి మనసు పోలేదు. ఇన్నాళ్ళూ తనకి సెలవు దొరకలేదని బాధపడ్డాను. ఇప్పుడు సెలవు దొరికినా రాదేమోనన్న భయం పట్టుకుంది. మంచం మీది కొత్త దుప్పటి తీసి మడతపెట్టి లోపల పెట్టేశాను. ఆ పని చేస్తున్నప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చాయి, దాచడమెందుకు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీస్ ముందుగది నుంచి ఫోన్: "మార్టీ, నీకోసం ఒకావిడ వచ్చింది. సూట్‌కేసు కూడా ఉంది."

పరుగెత్తాను. శారద. షికాగో చలికోటు చేతి మీద వేసుకుని, కళ్ళ కింద నల్లటి చారలతో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వలేదు. ఇంట్లోకి రాగానే సూట్‌కేసు దించి, "ఏదీ, మీ చిన్నది?" అంది.

పెట్టె తెచ్చి ముందు పెట్టాను. మూత తీశాను. తను వంగి చూసి, నింపాదిగా సోఫాలో కూర్చుంది.

"ఇదేనని తెలుసు."

"తెలుసా?"

"చిన్నది, ఇరవై రెండు, నల్లగా ఉంటుంది, మొరాయిస్తుంది. తుపాకీ దెబ్బల కేసులొచ్చే మా ఎమర్జెన్సీలో ఈ మాటలు వినని వారం ఉండదండీ. మొదటి మెసేజ్ సగం వినగానే అర్థమైంది."

"మరి అత్తయ్యగారికి చెప్పలేదేం?"

"చెప్తే ఏడుపు ఆపేస్తుందిగా."

నాకు అర్థం కాలేదు. తనే చెప్పుకొచ్చింది. "మా చీఫ్‌కి ఫోన్ చేసి సెలవడిగాను. ఎప్పటిలాగే కుదరదంటున్నాడు. వెనక అమ్మ ఏడుస్తోంది. ఎవరది అన్నాడు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, 'సన్ ఇన్ లా. యంగ్ లేడీ. ట్వెంటీ టూ. బెడ్రూమ్' అంది. నాలుగు ముక్కలు. నేను నాలుగు నెలల్నించీ అడుగుతున్న సెలవు నాలుగు ముక్కలకి ఇచ్చేశాడు."

"పాపం, ఆవిడకి నిజం ఎప్పుడు చెప్పావు?"

"టాక్సీ ఎక్కేటప్పుడు. తుపాకీ అయితే ఇంకా తొందరగా వెళ్ళమంది."

అప్పుడు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. "నాకు మాత్రం ఉండదా, రావాలని?" అంది. నెలల తరబడి ఆ బెంగ నా ఒక్కడిదే అనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి.

తర్వాత పెట్టె మూత తనే వేసేసి, మెల్లగా అంది, "జూన్‌లో రెసిడెన్సీ అయిపోయి నేను ఇక్కడికి వచ్చేసరికి ఇది ఈ ఇంట్లో ఉండకూడదండీ. దీన్తో ఆడుకోబోయిన పిల్లల్ని నేను చూశాను." ఆ సాయంత్రమే హాంక్‌కి ఇచ్చేశాను. "అప్పుడే దారికొచ్చిందా?" అన్నాడు హాంక్. "నేనొచ్చాను" అన్నాను.

ఆదివారం ఎయిర్‌పోర్టులో, గేటు దగ్గర, శారద చెయ్యి పట్టుకుని ఘనంగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ యంత్రంతోనూ మర్మంగా మాట్లాడననీ, వస్తువుని వస్తువు పేరుతోనే పిలుస్తాననీ, ముప్ఫై సెకన్లలో ముందు నామవాచకం చెప్పి ఆ తర్వాతే విశేషణాల జోలికి వెళ్తాననీ.

శారద ఓపిగ్గా అంతా విని, బోర్డింగ్ పాస్ చేతిలోకి తీసుకుంది.

"ఆ ప్రమాణం జనవరిలో చెయ్యండి. నాకింకా క్రిస్మస్ సెలవు రావాలి" అంది.