ఓబులేసు ఇచ్చిన మంచి మన్ను

1954లో నేను రాయచోటి ప్రాంతంలో వ్యవసాయ డిమాన్‌స్ట్రేటర్‌గా ఉండేవాణ్ణి. ఊరూరా తిరిగి రైతులకు సలహాలివ్వడం, చేలల్లో మట్టి శాంపిల్ తీసి పరీక్షకు పంపడం నా పని. ఫలితాల్లో నేను మొదట చూసేది ఆర్గానిక్ కార్బన్. పేడ, ఆకు, వేరు కుళ్లి మట్టిలో మిగిల్చే సత్తువకు అది కొలత.

అక్కడి రైతు ఓబులేసుకు నాలుగెకరాల ఎర్రచేను ఉండేది. ఇల్లు గడవడానికి అదొక్కటే ఆధారం. ఏటా వేసవిలో ఎరువు కోసం గొర్రెల మందను చేలో పడుకోబెట్టించుకుని, కాపరులకు గింజలు కొలిచేవాడు. శాంపిల్ తీయాలంటే చేనంతా తిరిగి పదిచోట్ల తవ్వి కలపాలి. ఆ రోజు ఎండకు జడిసి నేను గట్టు మీదే కూర్చున్నాను. అతనే తట్టలో మట్టి తెచ్చిచ్చాడు. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. "నీ నేలకు కొన్నేండ్లు మంద అక్కర్లేదప్పా" అని పెద్ద పండితుడిలా చెప్పాను. నమ్మాడు, మంద మానేశాడు.

మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను. పైమట్టి పెంకులా గట్టిపడింది. వాననీరు ఇంకకుండా పారిపోతోంది. వేరుశనగ జానెడు కూడా ఎదగలేదు.

"అప్పుడు మన్ను యాడ తవ్వినావప్పా?" అని అడిగాను.

ఓబులేసు చేను మూలకు తీసుకెళ్లాడు. "ఈడే సామీ. మంద శానా దినాలు పండుకున్న తావు. సర్కారుకు పంపేది గదా, మంచి మన్ను గాక చెడ్డది ఇస్తామా?"

సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. మిగతా చేనంతా ఆ మూలలా లేదని, తిరిగి చూడకుండా సలహా ఇచ్చిన తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అతను ఒక మట్టిగడ్డ తీసి నలిపి చూశాడు. నలగలేదు.

"మూడేండ్లకే పాయ గదా. మళ్ల ఎన్నేండ్లకు వస్తాది సామీ?"

"మంద పెట్టినా, ఎరువు తోలినా తొందరగా రాదప్పా. పదేండ్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు."

"నాకు అరవై దాటె," అన్నాడు. ఒక్క మాట తూలలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ వేసవే ఓబులేసు మళ్లీ మందను పిలిపించాడు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను చేనంతా నడిచి, శాంపిల్ నా చేత్తోనే తవ్వుకున్నాను. ఆ నేల సత్తువ పోవడానికి నా నోటిమాట చాలింది. తిరిగి రావడానికి ఓబులేసు ఆయుష్షు చాలలేదు.