అత్తయ్యగారి పెట్టె కొలతలు

తన శవపేటికకు తానే కొలతలిచ్చిన మనిషిని బందరులో ఒక్కరినే చూశాను, మా వీధి అత్తయ్యగారిని. అంతకుముందు శవయాత్ర వస్తుంటే భయపడి తలుపు వేసుకునేవారు. అలాంటి ఆవిడ, వడ్రంగినైన నన్ను చెక్క లెక్క కట్టమని పిలిచి, బల్ల మీద పడుకున్నారు.

"కాస్త వెడల్పు పెట్టు నాయనా, ఇరుకైతే ఊపిరాడదు."

నవ్వు ఆపుకుని, "మోసే నలుగురూ ఒకే ఎత్తుండాలండీ, లేకపోతే పెట్టె ఒరుగుతుంది," అన్నాను.

ముగ్గురు కొడుకులు సరిపోయారు. ఆ ఎత్తున్న నాలుగో మనిషి, పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని మరిది. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆయన గుమ్మం ఎక్కారు.

"ఏమయ్యా, నా పెట్టె మోయడానికి నీ భుజం కావాలి."

ఆయన మోకాళ్లు పట్టుకుని కుర్చీలోంచి లేచారు. "ఈ మోకాళ్ల నొప్పులతో ఎలా మొయ్యను వదినా?"

"అవి తగ్గేదాకా ఆగుతాలే. ముందు టీ పెట్టించు."